సింగ్‌నగర్ మునిగిన నెలలోనే వియత్నాంకు విమానం: బయటి దేశాలకు మన సాయం, మన సైన్యం ఎవరి కోసం?

సింగ్‌నగర్_వాసి

2024 సెప్టెంబరు 1న బుడమేరు కట్ట తెగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. ఫ్రిజ్, బీరువా, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురద పాలయ్యాయి. కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది గానీ, జాబితాలో పేరు లేదని ఒకరు, పేరుంది గానీ ఖాతా నంబరు తప్పని ఇంకొకరు మమ్మల్ని తిప్పారు. అదే నెల 15న టీవీ పెడితే, తుపానుకు దెబ్బతిన్న వియత్నాంకు మన వాయుసేన విమానం 35 టన్నుల సామగ్రి మోసుకెళ్తూ కనిపించింది. నీటిని శుద్ధిచేసే పరికరాలు, దుప్పట్లు, వంటపాత్రలు, సోలార్ లాంతర్లు. సరిగ్గా మా వీధికి కావలసిన సామానే.

వియత్నాం వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. అయితే 2025-26 కేంద్ర బడ్జెట్‌లో భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు కేటాయించారని చదివాను. దీనికి తోడు మన జవాన్లు ఐక్యరాజ్యసమితి తరఫున ఆఫ్రికాలో కాపలా కాస్తున్నారు. ఇదంతా ఎవరి మేలు కోసమో తెలిసినవారు వివరించాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది నాకైతే.

గవర్నర్‌పేట_ఆడిటర్

కోపం న్యాయమైనదే గానీ లెక్క కూడా చూడాలి. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ సుమారు 50.65 లక్షల కోట్లు. అందులో వంద రూపాయలకు భూటాన్‌కు వెళ్ళేది నాలుగు పైసలు. విదేశాంగ శాఖ మొత్తం కేటాయింపు 20,516 కోట్లు, అంటే రాయబార కార్యాలయాల జీతాలూ అద్దెలూ అన్నీ కలిపినా నలభై పైసలు. మీ పరిహారం ఆలస్యమైంది జాబితా తయారుచేసిన తీరు వల్ల. భూటాన్‌కు ఇచ్చి ఖజానా ఖాళీ అయినందువల్ల కాదు.

భూటాన్‌కు ఇచ్చేది ఊరికే పోయే డబ్బు కూడా కాదు. చుఖా జలవిద్యుత్ కేంద్రానికి మనం పెట్టిన సొమ్ములో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. అక్కడ మిగిలిన కరెంటు మన గ్రిడ్‌కే వస్తోంది. తరువాత కట్టిన 720 మెగావాట్ల మంగ్‌దెచు కేంద్రానికి వచ్చేసరికి ఆ నిష్పత్తి తిరగబడి గ్రాంటు 30, అప్పు 70 శాతమైంది. మన సాయం ఎటు మారుతున్నదో ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది.

సింగ్‌నగర్_వాసి

నాలుగు పైసలని మీరు తేలికగా అంటున్నారు గానీ, ఆ నాలుగు పైసలే మునిగినవాడి చేతికి రాలేదు కదండీ.

మిర్చియార్డు_బాబాయ్

నేను గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారిని. రాజనీతి నాకు తెలియదు, కనుక నా అనుభవం మాత్రమే చెబుతాను. 2022లో శ్రీలంక దగ్గర డాలర్లు నిండుకున్నప్పుడు, కొలంబోకు సరుకు పంపిన మా ఎగుమతిదారు ముఖం వాడిపోయింది. ఆయనకు అక్కడి నుంచి డబ్బు రాలేదు, ఆయన దగ్గర నుంచి నాకు రాలేదు, నా దగ్గరకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చిన రైతుకు నేను సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. యార్డులో ధర బోర్డు మీద తేజ రకం రేటు చూసుకోవలసిన రైతు, టీవీలో కొలంబో వీధుల్లో జరిగే ఊరేగింపులు చూస్తూ కూర్చున్నాడు.

ఆ మార్చిలో మన ప్రభుత్వం లంకకు ఆహారం, మందులు, నిత్యావసరాలు కొనుక్కోవడానికి స్టేట్ బ్యాంకు ద్వారా 100 కోట్ల డాలర్ల అప్పు సదుపాయం కల్పించింది. చమురుకు వేరుగా ఇచ్చింది. ఆ ఏడాది మొత్తం మీద మనం చేసిన సాయం 400 కోట్ల డాలర్ల దాకా ఉంది. అప్పు ఇచ్చింది లంకకే గానీ ఆ డబ్బుతో వాళ్ళు కొన్నది మన సరుకు. పక్కింటివాడు దివాలా తీస్తే వాడికి అరువిచ్చిన కొట్టు కూడా మూతపడుతుంది. అందుచేత దాన్ని దానధర్మమని నేను అనుకోను.

బెంజిసర్కిల్_బండి

బాబాయ్ లెక్క ప్రకారం సాయం పుచ్చుకున్నది లంక, ఇచ్చింది భారతదేశం, రెండు పక్కలా అద్దె వసూలు చేసుకున్నది మాత్రం కోల్డ్ స్టోరేజీ యజమాని.

మిర్చియార్డు_బాబాయ్

అది మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం నాయనా.

గవర్నర్‌పేట_ఆడిటర్

బాబాయ్ గారు చెప్పినది నిబంధనల్లోనే ఉంది. ప్రభుత్వ ఎగుమతి దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంకు) ద్వారా ఇతర దేశాలకు ఇచ్చే రుణాల్లో మామూలుగా 75 శాతం మేరకు వస్తువులూ సేవలూ మన దేశం నుంచే కొనాలి. ఆఫ్రికాలో చెరకు మిల్లు కట్టినా విద్యుత్ లైను వేసినా యంత్రాలు ఇక్కడివే, కాంట్రాక్టరు ఇక్కడివాడే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ పనులు ఎంతవరకు పూర్తయ్యాయి, ఎన్ని ఏళ్ళు ఆలస్యమయ్యాయి అనేది సామాన్యుడికి అర్థమయ్యేలా ఒకచోట పెట్టి చూపించరు. 2012లో విదేశాంగ శాఖలో అభివృద్ధి భాగస్వామ్యానికి ప్రత్యేక విభాగం పెట్టిన తరువాత కూడా ఆ లోటు తీరలేదు.

కొత్తపేట_మాజీనాయక్

సింగ్‌నగర్ సోదరుడు ఆఫ్రికా అన్నారు కనుక చెబుతున్నాను. నేను కాంగోలో ఉత్తర కివు ప్రాంతంలో పనిచేసి వచ్చినవాణ్ణి. 2005లోనే మన బ్రిగేడ్ అక్కడికి వెళ్ళింది. గోమా పట్టణం నిరగోంగో అగ్నిపర్వతం పక్కనే ఉంటుంది. 2002లో పారిన లావా గట్టిపడి నేలంతా నల్లరాయి. టెంటు మేకు దిగదు, ఇసుక బస్తాలకు తాళ్ళు కట్టి నిలబెట్టుకోవాలి. బూటు అడుగులు నెల తిరిగేసరికి అరిగిపోయేవి. మా పని చాలావరకు కాల్పులు కాదు. సంతరోజున ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని కొండదారిలో నడుస్తుంటే వాళ్ళకు ముందొక సమితి తెల్లబండి, వెనకొక తెల్లబండి నడపడం. కట్టెల కోసం అడవికి వెళ్ళే బాటలో గస్తీ తిరగడం. మేము వెళ్ళని రోజున ఆ బాటలో ఏమి జరిగేదో వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసేది. గోమాలో మన సైన్యం నడిపే పెద్ద ఆసుపత్రి కూడా ఉంది.

డబ్బు విషయం. సమితి ఒక్కొక్క సైనికుడికి నెలకు ఇంత అని దేశానికి చెల్లిస్తుంది. నేనున్న రోజుల్లో అది 1,028 డాలర్లు, 2018లో 1,428 డాలర్లయింది. అది మన ప్రభుత్వానికి వెళ్తుంది. జవానుకు జీతంతో పాటు మన ప్రభుత్వం నిర్ణయించిన విదేశీ భత్యం వస్తుంది. కనుక అక్కడ మేము తిన్నది మీ పన్నుల సొమ్మే అన్నట్టు చూడవద్దని మనవి.

అరండల్‌పేట_అడ్వకేట్

నాయక్ గారి సేవకు నమస్కరిస్తూనే ఒక అప్రియమైన సంగతి గుర్తుచేయక తప్పదు. 2008 నవంబరులో అదే ఉత్తర కివులోని కివాంజాలో తిరుగుబాటుదారులు ఇల్లిల్లూ తిరిగి దాదాపు 150 మందిని చంపారు. మన సైనికులున్న సమితి స్థావరం అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది. ఆ తరువాత 2022 జులైలో బుటెంబోలో సమితి దళాలు వెళ్ళిపోవాలంటూ జనమే తిరగబడ్డారు, ఆ అల్లర్లలో మన సరిహద్దు భద్రతా దళం జవాన్లు ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఎవరిని కాపాడడానికి వెళ్ళామో వాళ్ళే పొమ్మంటున్నప్పుడు, మనం అక్కడ ఉండి సాధిస్తున్నదేమిటి? ఈ ప్రశ్నను ఖర్చు లెక్కలతో కప్పిపుచ్చకూడదు.

కొత్తపేట_మాజీనాయక్

లాయరు గారూ, కప్పిపుచ్చే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే కాగితం మీద ఆదేశానికీ నేల మీద పరిస్థితికీ ఉన్న దూరం మీరు చూడాలి. పౌరులను కాపాడమని న్యూయార్క్‌లో తీర్మానం చేస్తారు. ఇక్కడ ఒక కంపెనీకి, అంటే వంద మంది చిల్లరకు, మన మండలమంత ప్రాంతం అప్పగిస్తారు. రాత్రి పూట గుంపు ఎవరిదో తెలియదు, ఊరివాళ్ళ భాష రాదు, స్వాహిలీ తెలిసిన దుబాసీ ఒక్కడుంటే అతను ఆ రోజు వేరే గస్తీలో ఉంటాడు. ఫోనులో ఒక ఆడమనిషి ఏడుస్తుంటే ఏ ఊరి నుంచో అర్థం చేసుకోవడానికే అరగంట పట్టేది. నేను వెళ్ళింది కివాంజా తరువాతే. వాళ్ళు ఏం చేసి ఉండవలసిందో ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పలేను గానీ, దాని తరువాత గ్రామపెద్దలకు ఫోన్లిచ్చి, ఊరికొక స్థానిక సహాయకుణ్ణి పెట్టుకునే పద్ధతి వచ్చింది. మాకు అది పనికివచ్చింది.

అరండల్‌పేట_అడ్వకేట్

మీ జవాబులో నిజాయితీ ఉంది. నా ప్రశ్న జవాన్ల మీద కాదు, వాళ్ళను పంపేవారి మీద, వాళ్ళకు ఆదేశాలు రాసేవారి మీద.

పటమట_మాస్టారు

నేను చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక కొంచెం వెనక్కి తీసుకువెళ్తాను, ఓపిక పట్టండి.

స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళు నిండేసరికి కొరియా యుద్ధం వచ్చింది. మనం తుపాకులు పంపలేదు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను, అంటే డాక్టర్లను పంపాము. 1950 డిసెంబరులో ప్యాంగ్యాంగ్ నుంచి సేనలన్నీ వెనక్కి మళ్ళుతుంటే, మందులూ పరికరాలూ వదిలి రావడానికి మనసొప్పక, ఒక పాత రైలింజను సంపాదించి, తమలోవాళ్ళే నడుపుకుంటూ వంతెన పేల్చివేతకు ముందే నది దాటించారు. 1953లో యుద్ధవిరామం తరువాత స్వదేశం వెళ్ళబోమన్న 22,000 పైచిలుకు యుద్ధఖైదీలను కాపలా కాసే బాధ్యత జనరల్ తోరట్ నాయకత్వంలోని మన దళానికి వచ్చింది. ఖైదీల అప్పగింత కమిషన్‌కు అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. మన దళం తన నేల మీద అడుగు పెట్టడానికి వీల్లేదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టగా, ఇంచాన్ రేవు నుంచి మనవాళ్ళను హెలికాప్టర్లలో రెండు కొరియాల మధ్యనున్న సరిహద్దు ప్రాంతానికి చేరవేశారు. ఏ దేశానికీ వెళ్ళనన్న 88 మంది ఖైదీలు చివరికి మన దళంతో పాటు ఓడెక్కి భారతదేశానికి వచ్చారు.

అప్పట్లో మనకు డబ్బు లేదు, గోధుమలు లేవు. ఉన్నదల్లా రెండు పక్షాలూ మన మాట వింటాయన్న పేరు. 1956 నుంచి గాజాలో సమితి శాంతిదళంలో ఉన్నాము. 1967లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1960లో కాంగోకు వెళ్ళినప్పుడు పరిస్థితి మారింది. ఆ దేశంలోని కటాంగా ప్రాంతపు వేర్పాటువాదులతో నిజంగా యుద్ధమే చేయవలసి వచ్చింది. మన కాన్‌బెరా బాంబర్ విమానాలు కూడా వెళ్ళాయి. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్ దగ్గర కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా చిన్న దళంతో రోడ్డు దిగ్బంధాన్ని ఛేదిస్తూ మరణించారు. సమితి శాంతిదళంలో పనిచేస్తూ పరమవీర చక్ర పొందిన ఒకే ఒక్క సైనికుడు ఆయన.

ఇప్పటివరకు 50కి పైగా దళాల్లో 2,90,000 మందికి పైగా భారతీయులు పనిచేశారు. 180 మందికి దగ్గరగా చనిపోయారు. ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు.

బెంజిసర్కిల్_బండి

తన నేల మీద కాలు పెట్టనివ్వని కొరియావాడు ఇప్పుడు పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. మనం హెలికాప్టర్‌లో దింపమని అడగకుండా స్థలమిచ్చి, నీళ్ళిచ్చి, కరెంటిచ్చాము.

పటమట_మాస్టారు

అబ్బాయీ, పరిహాసానికి అన్నా అందులో చరిత్ర ఉంది. కొరియావాళ్ళు మన వైద్యదళాన్ని మాత్రం గౌరవంగానే తలుచుకుంటారు.

సీతానగరం_శ్రావణి

మాస్టారు చెప్పిన 60వ పారా దళానికి కొనసాగింపు ఉంది. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం వచ్చినప్పుడు ఇస్కెందెరున్‌లో ఆసుపత్రి పెట్టింది అదే దళం. 2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వస్తే ఆగ్రా నుంచి 118 మంది సైనిక వైద్యబృందం మాండలే వెళ్ళి ఆసుపత్రి తెరిచింది.

శాంతిదళమంటే మగవాళ్ళ తుపాకులే గుర్తుకు వస్తాయి గనుక లైబీరియా సంగతి కూడా చెప్పాలి. 2007లో కేంద్ర రిజర్వు పోలీసు దళం నుంచి వంద మందికి పైగా మహిళలు అక్కడికి వెళ్ళారు. ప్రపంచంలో సమితి తరఫున వెళ్ళిన మొట్టమొదటి పూర్తి మహిళా పోలీసు దళం అది. దేశాధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా, మన్రోవియా వీధుల్లో రాత్రి గస్తీ, మధ్యలో బడిపిల్లలకు కరాటే. 2016లో వాళ్ళు తిరిగి వచ్చేనాటికి లైబీరియా భద్రతా దళాల్లో మహిళల వాటా 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగింది. దక్షిణ సూడాన్‌లోనైతే మన సైనిక పశువైద్యులు అక్కడివాళ్ళ ఆవులకు వైద్యం చేస్తున్నారు. పశువే ఆస్తి అయినచోట, పశువుల కోసమే తెగలు కొట్టుకునేచోట, అది తుపాకీ కంటే మేలైన శాంతి పని అని నా అభిప్రాయం.

ఉండవల్లి_రైతుబిడ్డ

ఆవులకు వైద్యం అక్కడిదాకా వెళ్ళి చేస్తున్నారు, సంతోషమే. మా ఊరి పశువైద్యశాలలో డాక్టరు వారానికి ఎన్ని రోజులు ఉంటారో ఎవరైనా వచ్చి చూడండి.

సింగ్‌నగర్_వాసి

నేను అడిగిందీ అదే.

లక్ష్మీపురం_పెద్దాయన

సాయం పుచ్చుకున్న రోజులు చూసినవాణ్ణి గనుక నాదొక మాట. మా బడిలో మధ్యాహ్నం గోధుమ నూక ఉప్మా, పాలపొడి కలిపిన పాలు పెట్టేవారు. అదంతా అమెరికా నుంచి వచ్చిన సరుకు. 1965, 66 కరువుల్లో పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం పథకం కింద ఓడ వస్తేనే రేషను. వియత్నాం యుద్ధం మీద మన ప్రభుత్వం విమర్శ చేసిందన్న కోపంతో, అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమలను ఏడాదికి ఒప్పందంగా కాక నెలనెలా కొలిచి వదిలాడు. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుందన్న సంగతి ఆ తరానికి బాగా తెలుసు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత దివిసీమలో ఎక్కడెక్కడి స్వచ్ఛంద సంస్థలు వచ్చి ఇళ్ళు కట్టాయో ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

2003లో మన ప్రభుత్వం చిన్న దాతల నుంచి ఇక సాయం తీసుకోనని చెప్పింది. 2004 సునామీలో విదేశీ ప్రభుత్వాల సాయం వద్దని, అదే సమయంలో మన ఓడలను శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేషియాకు పంపింది. ఇది గొప్పే. అయితే అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో 80 కోట్ల డాలర్ల మేర అప్పు మంజూరు చేశాయని 2024 డిసెంబరులో పేపర్లలో చదివాము కదా. ఒక చేత్తో తీసుకుంటూ ఒక చేత్తో ఇస్తున్నాము.

గవర్నర్‌పేట_ఆడిటర్

అందులో వింతేమీ లేదండీ. చైనా కూడా చాలాకాలం ప్రపంచ బ్యాంకు అప్పు తీసుకుంటూనే ఆఫ్రికాకు అప్పులిచ్చింది. అమరావతి అప్పు తక్కువ వడ్డీకి దీర్ఘకాలానికి దొరికే అప్పు. దాన్ని వద్దనుకోవడం పౌరుషమవుతుందేమో గానీ లెక్క కాదు.

అరండల్‌పేట_అడ్వకేట్

ఇచ్చిన సాయం చేజారిన సందర్భాలనూ లెక్కలో వేయండి. ఆఫ్ఘనిస్థాన్‌లో సుమారు 300 కోట్ల డాలర్లు వెచ్చించాము. జరంజ్ నుంచి దెలారం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు, హేరాత్ దగ్గర సల్మా ఆనకట్ట, కాబూల్‌లో పార్లమెంటు భవనం. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక ఆ పార్లమెంటులో కూర్చునే సభే లేకుండా పోయింది.

సీతానగరం_శ్రావణి

భవనం ఖాళీ అయిందేమో గానీ సల్మా ఆనకట్ట నుంచి 42 మెగావాట్ల కరెంటు, పొలాలకు నీళ్ళు ఏ ప్రభుత్వమున్నా అవసరమే. అక్కడినుంచి మన దేశానికి వచ్చి చదువుకున్నవారి చదువును కూడా ఎవరూ లాక్కోలేరు. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద 160 దేశాల దాకా ఉద్యోగులకు మన సంస్థల్లో శిక్షణ ఇస్తున్నారు. హైదరాబాద్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థకూ, సూక్ష్మ, చిన్న పరిశ్రమల సంస్థకూ వాళ్ళు వస్తుంటారు. నా దృష్టిలో రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చే సాయం అదే.

తెనాలి_రవాణా

శాంతిసేన అంటే శ్రీలంకకు వెళ్ళినదే మాకు గుర్తు. మా బంధువులాయన జాఫ్నాలో కాలు పోగొట్టుకుని వచ్చారు. దాన్ని ఎవరూ ప్రస్తావించలేదేమి?

పటమట_మాస్టారు

అది సమితి దళం కాదు గనుక నేను కలపలేదు. 1987 జులై 29న కుదిరిన భారత్-శ్రీలంక ఒప్పందం మీద వెళ్ళింది. 1990 మార్చిలో తిరిగి వచ్చేనాటికి వెయ్యి మందికి పైగా సైనికులు చనిపోయారు. శాంతి కాపాడడానికి వెళ్ళి యుద్ధంలో ఒక పక్షమైపోయాము. ఆ దెబ్బ మన ఆలోచన మీద చాలాకాలం ఉందని నా నమ్మకం. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం పంపమని అమెరికా అడిగితే, సమితి ఆదేశం స్పష్టంగా లేనిదే పంపబోమని మన ప్రభుత్వం తిరస్కరించింది.

కొత్తపేట_మాజీనాయక్

సమితి జెండా ఉన్నంత మాత్రాన చిక్కులు తప్పవు. 2000లో సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు కైలాహున్‌లో మన గూర్ఖా దళాన్ని రెండు నెలలకు పైగా చుట్టుముట్టి ఉంచారు. ఆయుధాలు అప్పగిస్తే వదిలేస్తామన్నా మనవాళ్ళు ఒప్పుకోలేదు. జులైలో ఆపరేషన్ ఖుక్రీ పేరుతో వానలో హెలికాప్టర్లు దింపి బయటికి తెచ్చారు. అయినా సమితి దళంలో దేశాల మధ్య తగాదాలు ముదిరి, కొద్ది నెలలకే మన సైన్యాన్ని వెనక్కి పిలిచారు.

అరండల్‌పేట_అడ్వకేట్

నేను మొదటి నుంచీ రావాలనుకుంటున్న చోటికి నాయక్ గారు తెచ్చారు. ఎక్కడికి వెళ్ళాలో, ఏ ఆదేశంతో వెళ్ళాలో నిర్ణయించడంలో పైచేయి భద్రతా మండలిలోని అయిదు శాశ్వత సభ్యులదే. ఖర్చులో నాలుగో వంతుకు పైగా వాటా అమెరికాది, తరువాతి స్థానం చైనాది. మనుషులను పంపేది నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, భారత్. సొంత సైన్యాన్ని పంపే దేశాన్ని నిర్ణయంలో పాల్గొనడానికి పిలవాలని సమితి నిబంధనావళి 44వ అధికరణంలో ఉంది. ఆచరణలో సమావేశం పెట్టి వినిపించి పంపించేస్తారు. 2021 ఆగస్టులో మనం మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నప్పుడు, శాంతిదళాల మీద దాడి చేసినవారిని శిక్షించాలని 2589వ తీర్మానం చేయించాము. మంచిదే. మరి బుటెంబోలో మన జవాన్లను చంపినవారి విషయంలో ఎవరు ఎవరిని అడుగుతున్నారు?

మండలిలో శాశ్వత స్థానం వస్తుందన్న ఆశతో ఇంతమందిని పంపుతున్నామని కొందరంటారు. డెబ్బై అయిదేళ్ళుగా పంపుతున్నాము. ఆ లెక్కన అది పెట్టుబడి అయితే చాలా నష్టపు పెట్టుబడి.

పటమట_మాస్టారు

పెట్టుబడిగా పంపారని నేననుకోను. కొరియా నాడు ఆ ఆశే లేదు. పశ్చిమ గోదావరిలో మాధవరం వంటి ఊళ్ళలో ఇంటికొకరు సైన్యంలో చేరినట్టు, మన సైన్యానికి ఇదొక ఆనవాయితీ అయింది, అధికారులకు అనుభవమయింది. లాభనష్టాలు తరువాత వెతుక్కున్న కారణాలు.

గవర్నర్‌పేట_ఆడిటర్

వాదన ఎలా ఉన్నా, పని తగ్గుతున్నది. మాలీ దళం 2023 చివరికి మూతపడింది. లెబనాన్ దళాన్ని 2026 డిసెంబరు 31తో ముగించాలని 2025 ఆగస్టులో మండలి తీర్మానించింది. అక్కడ 1998 నుంచి మన బెటాలియన్ ఉంది. సభ్యదేశాలు వాటా డబ్బు కట్టకపోవడంతో 2025 అక్టోబరులో సమితి తన శాంతిదళాల్లో నాలుగో వంతు మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. సైన్యాలను పంపే దేశాల సైనికాధిపతులను మనం ఢిల్లీలో సమావేశపరిచింది కూడా ఆ నెలలోనే. నీలి టోపీలు, అంటే సమితి శాంతిదళాలు, తగ్గుతుంటే అప్పులు, ఆసుపత్రులు, భూకంప సహాయం పెరుగుతున్నాయి. ఇకముందు మన దేశం పేరు ఎక్కువగా వినిపించేది వీటిలోనే అనుకుంటాను.

ఉండవల్లి_రైతుబిడ్డ

భూకంప సహాయం అన్నారు గనుక ఒక మాట. కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్ ఉంది. బుడమేరు వరదలో మా బావను మేడ మీద నుంచి పడవలోకి దించింది అలాంటి కుర్రాళ్ళే. బయటి దేశాల్లో శిథిలాల కింద పనిచేసి వచ్చిన అనుభవం ఆ దళానికి ఇక్కడ పనికివస్తుందా?

కొత్తపేట_మాజీనాయక్

తప్పకుండా పనికివస్తుంది. తుర్కియేకు వెళ్ళినవి ఇతర బెటాలియన్లు. అయినా నేర్చుకున్నది శిక్షణలో అందరికీ చేరుతుంది. కూలిన కాంక్రీటు కింద మనిషి ఊపిరి వినే పరికరాన్ని నిజమైన శిథిలం మీద వాడినవాడికీ, మైదానంలో వాడినవాడికీ చాలా తేడా ఉంటుంది.

సింగ్‌నగర్_వాసి

బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చిందని నాకూ తెలుసు, వాళ్ళను నేను ఏమీ అనలేదు. మీరందరూ చెప్పినది చదివాక వియత్నాం విమానం మీద నా అభ్యంతరం తగ్గింది. జాబితాల మీద మాత్రం తగ్గలేదు. ఆగ్రా నుంచి మాండలేకు ఒకటి రెండు రోజుల్లో ఆసుపత్రిని తరలించగలిగిన దేశం, విజయవాడలో ఒక వార్డులో మునిగిన ఇళ్ళ లెక్క తప్పు లేకుండా ఎందుకు రాయలేకపోతోందో ఆడిటర్ గారు చెప్పాలి.

గవర్నర్‌పేట_ఆడిటర్

ఆసుపత్రిని పంపే పని ఒక్క అధికారి చేతిలో ఉంటుంది, తప్పు జరిగితే ఎవరిదో తెలుస్తుంది. జాబితా పని నలుగురి చేతుల్లో ఉంటుంది, తప్పు ఎవరిదీ కాదు. అంతకంటే పెద్ద కారణం నాకు తోచడం లేదు.

భవానీపురం_భార్గవి

విషయానికి సంబంధించిన ప్రశ్నే. మా వదిన పోలీసు శాఖలో పనిచేస్తోంది. సమితి తరఫున వెళ్ళే అవకాశం కేంద్ర దళాలకేనా, రాష్ట్ర పోలీసులకు కూడా ఉంటుందా?

తెనాలి_రవాణా

ఉంటుంది. మా మేనమామ కొసావోకు అలాగే వెళ్ళి వచ్చారు. కేంద్ర హోంశాఖ నుంచి రాష్ట్రాలకు సర్క్యులర్ వస్తుంది. శిక్షణ కాలం కాక కనీసం అయిదేళ్ళ సర్వీసు ఉండాలి. ఆ తరువాత ఇంగ్లీషు, కారు నడపడం, తుపాకీ పేల్చడం మూడింటిలోనూ పరీక్ష పెడతారు. మా మేనమామతో పాటు పరీక్షకు వెళ్ళినవారిలో ఇంగ్లీషులో గట్టెక్కి డ్రైవింగులో పోయినవారే ఎక్కువట.

భవానీపురం_భార్గవి

ఇంగ్లీషు పరవాలేదు, తుపాకీ ఇంకా పరవాలేదు. స్కూటీ తప్ప ఏదీ నడపదు.

కొత్తపేట_మాజీనాయక్

గేరు బండి మీద ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి, ఆటోమేటిక్ బండి మీద నేర్చుకుంటే పనికిరాదు. అక్కడ ఇచ్చేవి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద బండ్లు, స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది. పరీక్షలో బండిని వెనక్కి తీసి ఇరుకులో నిలపడం దగ్గరే చాలామంది తడబడతారు.